చెవి కింద ముడి

భర్త చెన్నకేశవులును ఎడమ పక్కకు ఒత్తిగిలించి, వీపు వెనక మడిచిన దుప్పటి దోపి, ఓబులమ్మ అతని మూతి తుడిచింది. గిన్నెలో జావ ఇంకా రెండు గరిటెలు మిగిలి ఉంది. అతను చాలన్నట్టు కళ్లు మూసుకున్నాడు. ఒకప్పుడు నంద్యాల బియ్యం మిల్లులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బస్తాలు మోసిన మనిషి. మూడేళ్ల కిందట కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట ఒకేసారి పడిపోయాయి. మిగిలిన సగం మాట ఓబులమ్మకు ఒక్కతెకే అర్థమవుతుంది.

"కి... ప్ప... రాల్యా?" అన్నాడు.

కృపమ్మ రాలేదేమని. ఓబులమ్మకు అర్థమైంది. అర్థం కానట్టు గిన్నె తీసుకుని లేచింది.

కృపమ్మది శిరివెళ్ల. ఆదివారం నంద్యాల చర్చికి వచ్చినప్పుడల్లా పొలం గట్ల మీద కోసిన గురుగాకు కొంగులో ఇంత మూట కట్టుకుని ఈ ఇంటికి వచ్చేది. చెన్నకేశవులు మంచం పక్కన పీట వేసుకుని ఊరి సంగతులు చెప్పేది. ఎవరి గేదె తప్పిపోయింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, అన్నీ. అతను సగం మొహంతో నవ్వేవాడు. ఆమె రాక నాలుగు నెలలైంది.

"ఆయమ్మకి పని జాస్తి ఉంది" అంది ఓబులమ్మ వంటింట్లోంచి. నాలుగు నెలలుగా అదే మాట చెబుతోంది.

మధ్యాహ్నం పక్కింటామె వచ్చి అన్నం పెట్టేటట్టు గిన్నెలు సర్ది, నీళ్ల చెంబు అతని ఎడమ చేతికి అందేటట్టు పెట్టి, తలుపు దగ్గరేసి బయలుదేరింది. యాభై ఆరేళ్ల మనిషి. పొట్టిగా, నిండుగా ఉంటుంది. కుడి చూపుడువేలి కొస సూది పొడిచి పొడిచి గరుకుతేలి, వక్కపలుకులా గట్టిపడింది.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఎడమ పక్క కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఓబులమ్మ దాన్ని దాటి వెళ్లి కుడి పక్కన, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది.

శిరివెళ్ల మెట్ట దగ్గర, రోడ్డు పక్కనే కృపమ్మ ఇల్లు. ఆళ్లగడ్డకు పోయేటప్పుడు ఎడమ చేతి వైపు వస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు కుడి చేతి వైపు. అందుకని ఓబులమ్మ పోయేటప్పుడు కుడి పక్క, వచ్చేటప్పుడు ఎడమ పక్క కూర్చుంటుంది. అటు పక్క సీటు దొరక్కపోతే నిలబడి ప్రయాణం చేస్తుంది. మెట్ట దగ్గరపడుతూనే చేతిసంచి జిప్పు తీసి లోపల ఏదో వెతుకుతుంది. దిగి పలకరిస్తే రూపాయి ఖర్చు కాదు. తర్వాతి బస్సుకు మళ్లీ సున్నా టికెట్టే. అయినా దిగలేదు.

ఆ రోజు కూడా బస్సు మెట్ట మీద ఆగి, ఇద్దరిని దించి, ముగ్గురిని ఎక్కించుకుని కదిలిపోయింది. ఓబులమ్మ తల ఎత్తేసరికి మొక్కజొన్న చేలు వచ్చాయి.

ఆళ్లగడ్డలో, బట్ట బొమ్మలు కుట్టించే విష్ణుప్రియ ఇంటి ముందు గదిలోనే పని. పక్క షెడ్డులో శిల్పులు రాయి కోస్తుంటారు. ఆ మిషను మోత పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా ఆగుతూ మోగుతూనే ఉంటుంది. దానికంటే పెద్ద బాధ రాతి దుమ్ము. తెల్లటి దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి బొమ్మలు కుట్టే ఫెల్టు గుడ్డ మీద వాలుతుంది. అందుకని కిటికీకి తడిపిన చీర కట్టి పెడతారు. ఆ చీర మార్చడం, గది ఊడ్చడం, రంగుల వారీగా ఫెల్టు ముక్కలు పరచడం, ఇవి అయ్యాకే సూది చేతికొస్తుంది.

విష్ణుప్రియది అహోబిలంలో గుడి సేవ చేసుకునే కుటుంబం. చదువుకుని చెన్నైలో ఉద్యోగానికి పోయింది. అక్కడ ఆమె పనిచేసిన కంపెనీలో ఒక జపాను ఇంజినీరు ఉండేవాడు. ఆయన భార్య శనివారాలు ఇంట్లో ఆడవాళ్లకు ఫెల్టు బొమ్మలు కుట్టడం నేర్పించేది. విష్ణుప్రియ సరదాకు వెళ్లి, అందులోనే పడిపోయింది. తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగం మానేసి వచ్చి, ఈ ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంత ఫెల్టు తెప్పించి, కుట్టు తెలిసిన ఆడవాళ్లు కావాలని కాగితం అంటించింది. ఫెల్టంటే నేసిన గుడ్డ కాదు. ఉన్నిని ఒత్తి ఒత్తి చేసిన మందపాటి గుడ్డ. ఎటు కత్తిరించినా పోగులు ఊడవు. మొదటి రోజు వచ్చినవాళ్లలో ఓబులమ్మ, కృపమ్మ ఉన్నారు.

ఓబులమ్మకు అంతకు ముందు రవికెలకు హెమ్మింగు, కాజాలు తప్ప ఏమీ తెలియదు. కృపమ్మకు అదీ అంతంతమాత్రమే. ఇద్దరూ పక్కపక్కన చాప మీద కూర్చుని, జపాను వాళ్ల అన్నం ముద్ద బొమ్మ చూసి పడీపడీ నవ్వారు. "మన సంగటి ముద్దకి నల్ల పేలిక చుట్టినట్టుంది కదబ్బా" అంది కృపమ్మ. ఇంకోసారి విష్ణుప్రియ తెల్ల బట్టతో గుండు తలకాయ బొమ్మ ఒకటి చేయించింది. వాన ఆగాలని జపాను పిల్లలు దాన్ని కిటికీకి కడతారట. కృపమ్మ ఆ మాట విని లేచి, బొమ్మను తలకిందులుగా కట్టింది. "మనకి వాన ఆగేదెందుకు పాపా, వచ్చేది కావల్ల గానీ" అంది. ఆ ఏడు శిరివెళ్లలో మినుము విత్తనాలు రెండుసార్లు ఎండిపోయాయి.

పని కుదురుకున్నాక ఎవరి వాటా వాళ్లకు వచ్చింది. నాగజ్యోతి అని ఒక పిల్ల కొలతలు గీసి కత్తిరించేది. ఓబులమ్మ ఒళ్లు కుట్టేది. చుట్టూ కాజా కుట్టు లాంటిది వేసి, కొంచెం సందు ఉంచి దూది కూరి, మూసేది. ఆమె కుట్టు మిషను కుట్టులా ఒకే దూరంలో పడేది. ముఖాలు మాత్రం కృపమ్మవి.

ముఖమే కష్టం. ఈ పద్ధతిలో కళ్లు ముఖం నడిమధ్యన పెట్టకూడదు. బాగా కిందికి, ఒకదానికొకటి దూరంగా పెట్టాలి. నోరు ఉంటే చిన్న గీత, లేకపోతే అదీ లేదు. అట్లా పెడితే బొమ్మ నవ్వుతోందో దిగులుగా ఉందో చూసేవాళ్ల మనసును బట్టి మారుతుంది. నూలుపోగంత పక్కకు జరిగినా అది బొమ్మగా మిగులుతుంది, అంతే. కృపమ్మ పెన్సిలు గుర్తు కూడా పెట్టుకునేది కాదు. బొమ్మను చేతి దూరంలో పట్టుకుని కాసేపు చూసి, నల్లపూసను సూదికి ఎక్కించి గుచ్చేసేది. దారం జంటగా వేసి, మూడుసార్లు లాగి, ముడి తెచ్చి చెవి కింద దాచేది. కుట్టినామెకు తప్ప ఆ ముడి ఇంకెవరికీ కనపడదు.

విష్ణుప్రియ ఎవరిని తీసుకొచ్చినా ముందు కృపమ్మ చేతిలోని ముఖమే చూపించేది. వెలుతురు కోసం కృపమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఓబులమ్మ గోడ పక్కన. ఆమెకు కోపమని కాదు. కుట్టుపని ముందు తెలిసింది నాకు కదా అని ఎప్పుడైనా అనిపించేది. ఇంట్లో భర్త మంచాన పడ్డాక ఆ అనిపించడం కొంచెం ఎక్కువైంది.

ఐదు నెలల కిందట బెంగళూరు అంగడి ఒకటి అరవై తెల్ల కుందేళ్లు కావాలంది. ముఖాలు సగం అయ్యాక కృపమ్మకు కడుపులో నొప్పి వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రికి తిరిగింది. గడువు దగ్గరపడింది. ఒళ్లు పూర్తి చేసుకొస్తానని ఓబులమ్మ కొన్ని కుందేళ్లు ఇంటికి తీసుకుపోయింది. భర్త నిద్రపోయాక వాటిని ముందర పెట్టుకుని కూర్చుంది. నల్లపూసల పొట్లం కూడా సంచిలో వేసుకొచ్చింది. ఎందుకు వేసుకొచ్చిందో ఆమెకు తెలుసు. ఇరవై రెండు కుందేళ్లకు కళ్లు పెట్టింది. చూడ్డానికి కృపమ్మ పెట్టినట్టే ఉన్నాయి. పొద్దున వాటిని తీసుకుపోయి మిగతావాటిలో కలిపేసింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎవరైనా బాగున్నాయంటే అప్పుడు చెబుదామనుకుంది.

మూడు వారాలకు పెట్టె మొత్తం తిరిగొచ్చింది. పూసలు ఊడిపోతున్నాయట. ఒక చంటిపిల్ల పూసను నోట్లో పెట్టుకుంటే తల్లి చూసి వేలు పెట్టి తీసిందట. విష్ణుప్రియ మొహం పాలిపోయింది. కన్ను ఊడిన కుందేలును చాప మీద పెట్టి, "ఈ కళ్లు ఎవరివి?" అని అడిగింది.

అందరూ కృపమ్మ వైపు చూశారు. ముఖాలు ఎప్పుడూ ఆమెవే కదా.

ఓబులమ్మ నోట్లో అప్పుడు గుండుసూది ఉంది. దాన్ని తీసి చెప్పాలనుకుంది. తీయలేదు. ఇంట్లో మంచం, మంచం మీద మనిషి, అతని ఎడమ చేతి దగ్గర నీళ్ల చెంబు ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

కృపమ్మ కుందేలును చేతిలోకి తీసుకుంది. చెవి ఎత్తి చూసింది. తర్వాత వెనక్కి తిప్పి మెడ దగ్గర చూసింది. తలెత్తి ఒక్కసారి ఓబులమ్మ వైపు చూసి, బొమ్మను చాప మీద పెట్టేసింది.

"సరే పాపా" అని సంచి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ మర్నాటి నుంచి ముఖాలు ఓబులమ్మకు వచ్చాయి. కిటికీ దగ్గరి చోటు కూడా వచ్చింది. జంట దారం వేయడం, మూడుసార్లు లాగడం నేర్చుకుంది. చెయ్యి తిరిగింది. విష్ణుప్రియ మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు వెలుతురులో కూర్చోవడం కష్టంగా ఉండేది.

బస్సులో తల వంచుకుని వచ్చిన ఆ రోజే, పదకొండు గంటలప్పుడు విష్ణుప్రియ అటక మీది పెట్టె ఒకటి దించింది.

"ఓబులమ్మక్కా, ఆ తెల్ల కుందేళ్లు ఊరికే పడి ఉన్నాయి. విప్పేసి దూది తీసుకోండి. కొత్త వాటిలో కూరుదాం" అంది.

ఓబులమ్మ, నాగజ్యోతి పెట్టె ముందర కూర్చున్నారు. కుందేళ్ల మీద దుమ్ము లేదు. బెంగళూరు వాళ్ల కవర్లోనే ఉన్నాయి. ఓబులమ్మ కత్తెర కొసతో ఒక్కొక్క కన్నూ తీసి మూతలో వేస్తోంది. కొన్ని పూసలు ఎంత లాగినా రాలేదు. కొన్ని వేలు తగిలితేనే రాలిపోయాయి.

"ఇది చూడత్తా" అంది నాగజ్యోతి మెల్లగా. "దీని ముడి మెడ యెనక ఉంది. కృపక్క చెవి కింద కదా పెట్టేది? ఊడేవన్నీ ఇట్లాటియే."

ఆ పిల్ల ఊరికే అంది. ఇంకో కుందేలు తీసుకుని దాని చెవి ఎత్తి చూస్తోంది. అప్పుడే పక్క షెడ్డులో రాయి కోసే మిషను మళ్లీ మొదలైంది. విష్ణుప్రియకు ఏమీ వినపడలేదు. బల్ల దగ్గర ఫోనులో ఏదో రాసుకుంటోంది. ఓబులమ్మ ఏమీ అనకపోతే ఆ మాట అక్కడే ఆగిపోయేది.

మిషను ఆగేదాకా ఆమె చేతిలో కుందేలును పట్టుకుని కూర్చుంది. ఆగింది.

"పాపా" అంది. కత్తెర కింద పెట్టింది. మళ్లీ అంది. "పాపా, ఊడినవన్నీ నేను పెట్టిన కండ్లు. కృపమ్మవి గావు."

విష్ణుప్రియ తలెత్తింది. "ఏందీ?"

"ఆయమ్మ ఆస్పత్రికి పోయినప్పుడు ఇంటికాడ కుట్టుకొస్తి. ఒంటి దారం వేస్తి. నాకి తెల్దు అప్పుడు. నువ్వు అడిగితివి గదా ఎవురివని. నేను చెప్పల్యా."

విష్ణుప్రియ ఫోను బల్ల మీద పెట్టేసింది. నాగజ్యోతి చేతిలోని బొమ్మను మెల్లగా కింద పెట్టింది.

"నాలుగు నెలలు" అంది విష్ణుప్రియ. "నా పక్కనే కూర్చుని నాలుగు నెలలు... నేను ఆమెను ఒక్క మాట కూడా అడగలేదే. ఎవరివని మాత్రం అడిగినా. తప్పు నాది కూడా ఉంది." లేచి కిటికీ దాకా వెళ్లింది. చీర ఆరిపోయి ఉంది. దాన్ని సర్దుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "నిన్ను పొమ్మని నేను చెప్పను. మీ ఇంటి సంగతి నాకు తెలుసు. ఈ పొద్దు పోతూ శిరివెళ్లలో దిగు. జరిగింది నువ్వే చెప్పు. రేపటి నుంచి రమ్మన్నానని చెప్పు. ఆమె చోటు ఆమెదేనని చెప్పు."

"దిగుతా పాపా."

మధ్యాహ్నం ఓబులమ్మ అన్నం తినలేదు. కిటికీ దగ్గరి చాప తీసి దులిపి, తన సూదుల పెట్టె పాత చోటికి, గోడ పక్కకు జరుపుకుంది. ఆ పూట ఏ ముఖమూ కుట్టలేదు. ఒళ్లే కుట్టింది. చాలా రోజుల తర్వాత ఆ కుట్టు చేతికి హాయిగా అనిపించింది. కృపమ్మ తిడుతుంది. తిట్టాల్సిందే. మొహం మీద తలుపు వేస్తుంది. వేసినా గడప దగ్గరే కూర్చుంటా అనుకుంది. ఆ తర్వాత ఆదివారం గురుగాకుతో ఇంటికి వస్తుంది. అతను సగం మొహంతో నవ్వుతాడు. అక్కడిదాకా పోయింది ఆమె ఆలోచన.

సాయంత్రం తిరుగు బస్సులో, ఈ నాలుగు నెలల్లో మొదటిసారి, కృపమ్మ ఇల్లు కనపడే కుడి పక్కన కూర్చుంది. చెప్పాల్సిన మాటలు లోపల ఒకటికి నాలుగుసార్లు అనుకుంది. శిరివెళ్ల మెట్ట దగ్గర దిగాక చేతులు ఖాళీగా ఉన్నాయని గుర్తొచ్చి, బండి మీద డజను అరటిపండ్లు కొనుక్కుంది. ఎండ ఇంకా ఉంది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. రోడ్డు దాటి నాలుగు ఇళ్లు నడిచింది.

కృపమ్మ కోడలు ఇంటి ముందర కూర్చుని బియ్యం కడుగుతోంది. ఓబులమ్మ ఎప్పుడో పెళ్లిలో చూసిన మనిషి. ఆ పిల్ల ఈమెను గుర్తుపట్టలేదు.

"ఎవురు కావల్ల?"

"కృపమ్మ లేదామ్మా? ఆళ్లగడ్డ నుంచి వచ్చినా. రేపట్నుంచి పనిలోకి రమ్మనిరి. ఆయమ్మ తప్పేం లేదని తెలిసిపాయ. అది చెప్పేకే వచ్చినా." బస్సులో అనుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చేశాయి.

కోడలి చేతులు నీళ్లలో ఆగిపోయాయి. "నువ్వు ఓబులమ్మవా?"

"ఊ."

ఆ పిల్ల లేచి, తడి చేతులు చీరకు తుడుచుకుంది. "మా అత్త ల్యాదు. పోయి పదకొండు దినాలాయె."

ఓబులమ్మకు ఆ మాట తలకెక్కలేదు. "యాడికి పాయ?" అంది.

"సచ్చిపాయమ్మా. కడుపులో గడ్డ. ఆపరేషను చేసేకి కాదనిరి. మంగళారం మధ్యానం పండుకున్యామె పండుకున్నట్టే." కోడలు బియ్యం గిన్నె పక్కకు జరిపింది. "మీ పనికాడ చెప్పల్యా. చెప్పొద్దని అత్తే అనె."

ఓబులమ్మ అరుగు అంచు పట్టుకుని కూర్చుంది. అరటిపండ్లు ఒళ్లోంచి జారి పక్కన పడ్డాయి. వాటిని తీయకుండానే అడిగింది.

"నా మింద కోపంగా ఉండెనా?"

"ఉండె. ఉండదా మల్ల?" అంది కోడలు. గొంతులో ద్వేషం లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ఆ ముడి నాది కాదు, ఎవురిదో నాకు తెలుసు అనె. పోయి చెప్పత్తా అంటే, చెప్పల్సినామె చెప్పల్ల, నేనెందుకు చెప్పేది అనె. మొదట్లో దినామూ తిడతాండె. ఆమైన, కొన్ని దినాలకి, మానుకొనె."

"ఆమైన?"

"ఆమైన ఏముంది, సాయంత్రం ఇట్లొచ్చి కూచుంటాండె. నంద్యాలకి పొయ్యే బస్సు వచ్చేదాకా. లోపలికి రాత్తా, దుమ్ము పడ్తాది అన్యా వినదు. ఎవురి కోసమంటే చెప్పదు. బస్సు ఆగితే ఎవురు దిగిరో చూసి, పోయినంక ఈపు మిందికి దుప్పటి లాక్కొని లోపలికొస్తాండె. కడాకు లేచి నడిచేకి గాకపాయ. అప్పుడు గూడా ఎత్తుకొచ్చి కూచోబెట్టమనె."

ఓబులమ్మ జారిన అరటిపండ్లను దగ్గరికి తీసుకుంది. ఆ బస్సులోనే ఉన్నానని, ఆగిన ప్రతిసారీ ఉన్నానని, అటు పక్క సీటులో సంచిలోకి తల వంచుకుని ఉన్నానని ఈ పిల్లకు చెప్పి ఏం లాభం. నాలుగు నెలల్లో ఏ ఒక్క రోజు తల తిప్పినా కనపడేది.

కోడలు లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఓబులమ్మ తీసుకుని తాగకుండా పట్టుకుంది.

"ఇల్లు చేరేసరికి మొబ్బు చీకటైతాది. నీ మొగుడు ఒక్కడే ఉంటాడంట గదా" అంది కోడలు. "అత్త చెప్పె. ఆయప్పని గురించి అడుగుతాండె అప్పుడప్పుడు. బస్సులో వచ్చేటోళ్లని."

మెట్ట మీద హారను వినపడింది. నంద్యాల బస్సు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. కండక్టర్ తలుపులోంచి తల బయటపెట్టి ఎక్కేవాళ్ల కోసం అటూ ఇటూ చూశాడు. ఓబులమ్మ లేవలేదు. బస్సు కదిలి ఆమె ముందర నుంచే పోయింది. దాని దుమ్ము అణిగాక కోడలు బియ్యం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

అప్పుడు చూసింది ఓబులమ్మ. అరుగు కొసన, రేకుల నీడలో, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. ఎవరూ తీయలేదు, ఇటు తిప్పలేదు. దాని మీద మిగిలిపోయిన ఫెల్టు పేలికలు అన్ని రంగులవీ కలిపి కుట్టిన గుండ్రటి మెత్త, ఒకసారి వానకు తడిసి ఎండి అంచులు పైకి లేచి, నడుమ మనిషి కూర్చున్న గుంట అట్లాగే ఉంది. కుర్చీ రోడ్డు వైపు తిరిగి ఉంది.